మాయా నగరాలు ఎప్పుడు ఆగిపోయాయో మీరే లెక్కేయడం ఎలా

మధ్య అమెరికాలోని పాత మాయా నాగరికత పతనం గురించి వాదించుకునే ముందు, వాళ్ళు రాళ్ళ మీద చెక్కిన తేదీ చదవడం నేర్చుకోండి, అరగంట చాలు. చుక్క అంటే 1, గీత అంటే 5, గవ్వలాంటి బొమ్మ సున్నా. తేదీలో ఐదు అంకెలుంటాయి, వరసగా 1,44,000, 7,200, 360, 20, 1 తో గుణించి కూడితే క్రీ.పూ. 3114 ఆగస్టు నుంచి ఎన్ని రోజులైందో వచ్చేస్తుంది.

టోనినా అనే మాయా నగరంలో తేదీ ఉన్న ఆఖరి శిల మీద 10.4.0.0.0 ఉంది కదా, మొత్తం 14,68,800 రోజులు, అంటే 4021 ఏళ్ళ ఐదు నెలలు, కాబట్టి క్రీ.శ. 909 జనవరి (సున్నా సంవత్సరం లేదు, నేను మొదట్లో ఇక్కడే బోల్తా పడ్డా).

ఇప్పుడు ఒక్కో మాయా నగరంలో రాళ్ళ మీద చెక్కిన ఆఖరి తేదీలు కాగితం మీద రాయండి. కోపాన్ 822, అదీ ఆ తేదీ ఉన్న రాతి పీఠం సగం చెక్కి వదిలేశారు పాపం, టికాల్ 869, టోనినా 909. ఒక్క రాత్రిలో మాయమయ్యారు అనే వీడియోలు ఇంక పక్కన పడేయొచ్చు.

పక్కనే కారణాలు రాసుకోండి: మెక్సికోలోని చిచాన్‌కనాబ్ సరస్సు అడుగు బురదలో కరువు చూపించే జిప్సం పొరలున్నాయి, కానీ దోస్ పిలాస్ అనే మాయా నగరం జనం అంతకు ముందే, 8వ శతాబ్దంలోనే, యుద్ధాల భయంతో గుడి రాళ్ళు పీకి మరీ గోడ కట్టుకున్నారు.