గోడౌన్‌లోకి రోబోలు వస్తున్నాయ్, పికింగ్ (ఆర్డర్ వచ్చిన వస్తువుల్ని ర్యాకుల్లోంచి తీసే) పనిలో ఉన్నోళ్లు ఏం చేయాలి

అమెజాన్ 2012లో గోడౌన్ రోబోలు చేసే కివా సిస్టమ్స్ కంపెనీని 77.5 కోట్ల డాలర్లకి కొన్నది, 2025 కల్లా వాళ్ల రోబోలు 10 లక్షలకి చేరాయ్, మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ కూడా 2019లోనే బెంగళూరులో పార్సిళ్లు వేరు చేసే రోబోలు పెట్టింది. కాబట్టి శంషాబాద్, మేడ్చల్ వైపు గోడౌన్లలో చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పట్నుంచే రెడీ అవ్వాలి.

ముందు రోబో ఏ పని తీసేస్తుందో చూడండి. కివా టైపుది నేల మీద అంటించిన కోడ్‌లు చదువుకుంటూ పోయి ర్యాక్ కింద దూరి దాన్ని ఎత్తుకుని మనిషి దగ్గరికే తెస్తుంది, అంటే పోయేది నడక, రకరకాల వస్తువుల్లోంచి కావాల్సింది చేత్తో తీయడం ఇంకా చాలావరకు మనదే.

అందుకే స్కానర్ నొక్కడంతో ఆగిపోవద్దు. రోబో మధ్యలో ఆగితే ఎవరు వస్తున్నారు, సెన్సార్ ఎలా తుడుస్తున్నారు, ఎర్రర్ ఏం చూపిస్తోంది, సూపర్‌వైజర్‌ని అడిగి పక్కనుండి నేర్చుకోండి (పర్మిషన్ లేకుండా రోబోలు తిరిగే చోటికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, ప్రాణం ముఖ్యం).

టెన్త్ పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ గానీ మెకట్రానిక్స్ (మెషిన్లు, ఎలక్ట్రానిక్స్ కలిపి నేర్పేది) గానీ చూడండి, తర్వాత కేంద్రం అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. నా లెక్కలో చిన్న ప్రైవేట్ రోబోటిక్స్ కోర్సులకి వేలు పోసేకంటే ఇదే మేలు.