ప్రయోగశాల నుంచి మార్కెట్ దాకా – 3వ పాఠం: లైసెన్సును చదవడం

ఒక ఆవిష్కరణకు సంబంధించిన తేదీలను వరుసగా రాసుకోవడం గత పాఠంలో సాధన చేశాం. ఆ తేదీల మధ్య హక్కులు ఎవరి చేతికి వెళ్ళాయో, డబ్బు ఎటు ప్రవహించిందో గుర్తించడం ఈ పాఠం పని. డీఎన్ఏ ముక్కలను అతికించి బాక్టీరియాలో వృద్ధి చేసే పద్ధతిని ఉదాహరణగా తీసుకుందాం.

1972లో హవాయిలో జరిగిన ఒక సదస్సులో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెర్బర్ట్ బోయర్ కలిసి పనిచేయాలని అనుకున్నారు. బాక్టీరియాకు యాంటీబయాటిక్‌లను తట్టుకునే శక్తినిచ్చే, చిన్న డీఎన్ఏ వలయాలైన ప్లాస్మిడ్‌లు కోహెన్ విషయం; డీఎన్ఏను నిర్దిష్టమైన చోట కత్తిరించే ఎంజైము బోయర్ విషయం. ఇద్దరిదీ మౌలిక పరిశోధనే, అందులో ప్రభుత్వ గ్రాంటుల సొమ్మూ ఉంది. 1973 నవంబరులో పరిశోధన పత్రం వెలువడింది. పేటెంటు దరఖాస్తు 1974 నవంబరు 4న దాఖలైంది.

ఈ రెండు తేదీల దగ్గర కాస్త ఆగాలి. ప్రచురణ తరువాత ఏడాది లోపు దరఖాస్తు చేసుకునే వెసులుబాటు అమెరికా చట్టంలో ఉంది కనుక అక్కడ హక్కు దక్కింది. ప్రచురణకు ముందే దరఖాస్తు కోరే ఇతర దేశాలలో అది చేజారింది. మీరు పరిశీలించే ప్రతి ఉదాహరణలోనూ పత్రం ముందా, దరఖాస్తు ముందా అన్నది మొదట తేల్చుకోండి.

1980లో పేటెంటు మంజూరయ్యాక స్టాన్‌ఫర్డ్ దానిని ఒకే కంపెనీకి కట్టబెట్టకుండా, ఏడాదికి 10,000 డాలర్ల రుసుము, అమ్మకాలపై స్వల్ప రాయల్టీ చెల్లించే ఎవరికైనా ఇచ్చింది. 1997లో గడువు ముగిసే నాటికి 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి. విశ్వవిద్యాలయాలకు సుమారు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ పద్ధతితో తయారైన ఉత్పత్తుల అమ్మకాలు సుమారు 3,500 కోట్ల డాలర్లని అంచనా. మొదటి అంకెను రెండవ దానితో భాగించి చూడండి: ఒక శాతం కూడా రాదు. అందువల్ల, రాయల్టీ ఆదాయాన్ని చూపి తమ పరిశోధన ఆర్థిక ప్రయోజనాన్ని చాటుకునే నివేదికలు, నా దృష్టిలో, తమను తామే తక్కువ చేసుకుంటున్నాయి.

లైసెన్సు కాగితంలో కనిపించని దారి ఇంకొకటి ఉంది, అది మనుషులది. 1976లో బోయర్, పెట్టుబడుల రంగానికి చెందిన రాబర్ట్ స్వాన్సన్‌తో కలిసి బయోటెక్ కంపెనీ జెనెంటెక్‌ను స్థాపించారు. అంతవరకు పందుల, పశువుల క్లోమం నుంచి తీస్తూ వచ్చిన ఇన్సులిన్‌కు బదులు, ఆ కంపెనీ ఈ పద్ధతితో బాక్టీరియాలో రూపొందించిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికాలో అనుమతి లభించింది.

అందరికీ ఇవ్వడమే ప్రతిసారీ సరైన పద్ధతి అనుకోకూడదు. పనిముట్టులాంటి పద్ధతి ఎంతమంది చేతుల్లో ఉంటే అంత మేలు. ఒక కొత్త మందు అణువు విషయం వేరు: ఏళ్ళ తరబడి సాగే క్లినికల్ పరీక్షల ఖర్చు భరించే కంపెనీ సాధారణంగా ప్రత్యేక హక్కు, అంటే తనకు మాత్రమే దక్కే హక్కు, కోరుతుంది.

అభ్యాసం: వెబ్ పేజీల ప్రాముఖ్యాన్ని లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతి స్టాన్‌ఫర్డ్‌లోనే పుట్టింది. 2001లో మంజూరైన పేటెంటు విశ్వవిద్యాలయం పేరిట ఉండగా, ప్రత్యేక లైసెన్సు గూగుల్‌కు దక్కింది. బదులుగా వచ్చిన వాటాలను స్టాన్‌ఫర్డ్ 2005 నాటికి సుమారు 33.6 కోట్ల డాలర్లకు అమ్మింది. ఇది పనిముట్టా, ఉత్పత్తా? 468 కంపెనీలకు ఇచ్చినట్టే దీనినీ ఇచ్చి ఉంటే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? కారణాలతో పది వాక్యాలు రాయండి. వచ్చే పాఠంలో ఈ జవాబులతోనే మొదలుపెడదాం.