బియ్యం బస్తా ఎత్తేటప్పుడు నడుము పట్టేయకుండా

మన ఇళ్లలో తరచుగా ఎత్తవలసి వచ్చే బరువులు మూడు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను 20 కేజీలకు పైనే ఉంటుంది. నిండు గ్యాస్ బండలో 14.2 కేజీల గ్యాసు ఉంటుంది, దానికి ఇనుము బరువు కూడా కలిస్తే సుమారు 30 కేజీలు అవుతుంది. ఇక బియ్యం బస్తా సంగతి: 2022 జూలైలో 25 కేజీల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యంపై ఐదు శాతం జీఎస్టీ వేసిన తరువాత 26 కేజీల బస్తాలు బజారులోకి వచ్చాయి; పన్ను తప్పింది గానీ నడుముకు ఒక కేజీ అదనంగా వచ్చి పడింది. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నిలబడి చేతులు వేలాడదీస్తే పిడికిళ్లు ఉండే ఎత్తులో, మెలి తిరగవలసిన అవసరం లేకుండా ఉన్నప్పుడు, 23 కేజీల వరకు ఎత్తవచ్చునని పనివారి ఆరోగ్యం, భద్రతలపై పరిశోధనలు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ లెక్కకట్టింది. నేల మీద పడి ఉన్న బస్తాకు ఆ అనుకూలతలు చాలావరకు ఉండవు.

బరువు ఎంత అనేదానికంటే అది ఒంటికి ఎంత దూరంలో ఉంది అనేదే ముఖ్యం. వెన్నును నిటారుగా నిలిపే కండరాలు వెన్నుపూసల మధ్యనున్న డిస్కుకు వెనుకగా, దాదాపు ఐదు సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తాయి. అందువల్ల 20 కేజీల బరువును డిస్కుకు యాభై సెంటీమీటర్ల ముందు పట్టుకుంటే, దాన్ని నిలబెట్టడానికే ఆ కండరాలు 200 కేజీలకు సమానమైన బలంతో లాగవలసి ఉంటుంది. అదే బరువును పొట్టకు ఆనించి ఆ దూరాన్ని సగం చేస్తే ఆ బలమూ సగమవుతుంది. ముందుకు వంగినప్పుడు మన తల, ఛాతీ బరువు కూడా దీనికి తోడవుతుంది కాబట్టి, నేల మీది పెన్ను తీయబోయి నడుము పట్టేసిందని ఎవరైనా చెబితే నవ్వవలసిన పని లేదు.

బస్తాను నేల మీద నుంచి తీయక తప్పనప్పుడు ముందుగా దాన్ని నిలువుగా నిలబెట్టి, ఒక పక్కకు కాస్త వాల్చి బరువు అంచనా వేయండి, పోయే దారిలో చెప్పులు, బకెట్లు, తడి లేకుండా చూసుకోండి. తరువాత పాదాలను ఎడంగా, ఒకటి కాస్త ముందుకు ఉంచి, బస్తా రెండు కాళ్ల మధ్యకు వచ్చేంత దగ్గరగా నిలబడండి. తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర వంగండి. నడుమును గుండ్రంగా వంచకుండా దాని సహజమైన వంపును అలాగే ఉంచండి. ఒక చేతిని బస్తా అడుగు మూల కిందకు, రెండో చేతిని ఎదుటి పై మూలకు పోనిచ్చి పొట్టకు హత్తుకున్న తరువాతే, ఊపిరి బిగబట్టకుండా, ఒక్క కుదుపుతో కాక నెమ్మదిగా కాళ్ల బలంతో లేవండి. తిరగవలసి వస్తే నడుమును మెలిపెట్టకుండా పాదాలు జరుపుకుంటూ తిరగాలి. దించేటప్పుడు కూడా ఇదే పద్ధతి. పని అయిపోయిందన్న తొందరలో దించబోయే ఎంతోమందికి నడుము పట్టేస్తుంది.

అయితే నా ఉద్దేశంలో బస్తాను ఎత్తకపోవడమే మేలు. దుకాణం కుర్రవాడి చేత దాన్ని పీట మీదో బల్ల మీదో పెట్టించుకుని, డబ్బాలోకి చెంబుతో పోసుకుంటే పది నిమిషాల పని. గ్యాస్ బండను తెచ్చినవారి చేతనే వంటింట్లో దాని చోటున పెట్టించుకోవాలి, దాని కింద చక్రాల స్టాండు ఉంటే మరీ మంచిది. క్యానును ఎత్తి డిస్పెన్సరు మీద బోర్లించడంలో ఎత్తడం, మెలితిరగడం, ముందుకు చాచడం మూడూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి, దాని మూతికి బిగించే చిన్న పంపును కొనుక్కోవడం తెలివైన పని. నీళ్లు మోసుకురావలసిన చోట ఒక పెద్ద బిందెను చంకన పెట్టుకుని పక్కకు ఒరిగి నడిచేకంటే, రెండు చేతులతో రెండు చిన్న బిందెలు సమంగా మోయడం నయం. యాభై కేజీల బస్తాలు మోసే హమాలీలను గమనించండి: వాళ్లు సాధారణంగా లారీ అంచు ఎత్తు నుంచి, మరొకరు అందిస్తేనే వీపు మీదకు తీసుకుంటారు.

వేళ కూడా చూసుకోవాలి. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి కాబట్టి, లేచిన తొలి గంటలో వంగినప్పుడు వాటి మీద ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. బరువు పనులను కాస్త ఆలస్యంగా పెట్టుకోండి. చాలాసేపు బస్సులో కూర్చుని వచ్చిన వెంటనే డిక్కీలోని సూట్‌కేసు మీద చేయి వేయకుండా, రెండు నిమిషాలు నడవండి. నడుముకు బెల్టు కట్టుకుంటే చాలునన్న నమ్మకానికి ఆధారం లేదు. ఆరోగ్యవంతులకు అది గాయాలను ఆపుతుందని చెప్పలేమని నియోష్ 1994లోనే తేల్చింది. క్రమం తప్పని నడక, తొడలకు, వీపుకు బలమిచ్చే వ్యాయామం అంతకంటే మేలు చేస్తాయి. గర్భిణులు, ఎముకలు గుల్లబారినవారు, వెన్నుకు శస్త్రచికిత్స అయినవారు ఏ బరువు ఎత్తవచ్చో వైద్యులనే అడగాలి.

ఇంత జాగ్రత్తపడినా నడుము పట్టేస్తే, రోజుల తరబడి మంచానికి అంటుకుపోకుండా, నొప్పి ఓర్చుకోగలిగినంత మేర కదులుతూ ఉండండి. మామూలు పట్టు చాలావరకు కొద్ది వారాల్లో సర్దుకుంటుంది. కానీ కాలిలో బలం తగ్గినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, కాపడాలు, మాలిష్‌లతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.