ఈగను గుర్తుపట్టడం – 4వ పాఠం: రంగు చివర్న చూడండి

ముందు పోయిన పాఠం సంగతి తేల్చాలి. "రెక్కలు లెక్కపెట్టండి. రెండుంటే ఈగ, నాలుగుంటే తేనెటీగో కందిరీగో" అని ఒక్క మాటలో చెప్పి వెళ్లిపోయాను. మీరు పంపిన ఫొటోల్లో "రెండే రెక్కలు, కాబట్టి ఈగ" అని రాసినవాటిలో చాలావరకు తేనెటీగలే. తప్పు మీది కాదు. చెప్పాల్సినది నేను చెప్పలేదు.

తేనెటీగ వెనక రెక్క ముందు అంచున వరసగా చిన్న చిన్న కొక్కేలుంటాయి. ఎగిరేటప్పుడు అవి ముందు రెక్క అంచు మడతలో తగులుకుంటాయి. అప్పుడు ఒక పక్కనున్న రెండు రెక్కలూ ఒకే రెక్కలా కదులుతాయి. వాలినప్పుడు కూడా వెనక రెక్క ముందు రెక్క కిందే దాక్కుంటుంది. ఫొటోలో నాలుగూ విడివిడిగా దొరకడం అరుదు. చాలా కందిరీగలు ఇంకో పని చేస్తాయి. వాలగానే ముందు రెక్కను పొడవునా మడిచేస్తాయి, చీర కుచ్చిళ్లు పెట్టినట్టు. రెక్క సన్నటి పట్టీలా కనిపిస్తే అది కందిరీగేమోనని మొదట అనుమానించండి.

రెండో ఫిర్యాదు హాల్టీర్ల గురించి. ఈగకు వెనక రెక్కలుండాల్సిన చోట చిన్న కాడ, దాని చివర గుబ్బ ఉంటాయని చెప్పాను. ఎగిరేటప్పుడు అవి రెక్కలతో పాటే కొట్టుకుంటూ, ఒళ్లు ఎటు తిరుగుతోందో ఈగకు తెలియజేస్తాయి. "ఎంత జూమ్ చేసినా కనపడలేదు" అని చాలామంది రాశారు. నిజమే. ఈగల గుంపులోదే అయిన దోమలో అవి బయటికే ఉంటాయి కానీ, ఇంట్లో తిరిగే ఈగ, ఆకుపచ్చగా మెరిసే ఈగ లాంటివాటిలో రెక్క మొదట్లో ఉండే తెల్లటి పల్చని రేకు వాటిని కప్పేస్తుంది. ఆ రేకు దొరికితే చాలు, గుబ్బల కోసం వెతకక్కర్లేదు. అలాంటి రేకు తేనెటీగకూ కందిరీగకూ ఉండదు.

అందుకని వరస మారుస్తున్నాను. ముందు మొహం చూడండి.

మీసాలు పొట్టిగా, మొహానికి అతుక్కున్నట్టు, ఒక్కోదాని మీద ఒక వెంట్రుక నిక్కబొడుచుకుని ఉంటే అది ఈగ. మీసాలు పొడుగ్గా, మోచేయి వంచినట్టు ఉంటే తేనెటీగ, కందిరీగల వైపు. కళ్లు తలను దాదాపు మింగేసినట్టుంటే ఈగ. తలకు రెండు పక్కల నిలువుగా అతికించినట్టుంటే కాదు. ఈ పద్ధతికి లొంగనివీ ఉన్నాయి. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగకు మీసాలు పొడుగే, నల్లటి ఒళ్లు, చూడ్డానికి అచ్చం కందిరీగే. పొట్ట మొదట్లో రెండు చోట్ల అద్దం పెట్టినట్టు వెలుతురు ఇటునుంచి అటు కనపడుతుంది. నడుము సన్నగా ఉందని మనం భ్రమపడేది దాన్ని చూసే. అలాంటప్పుడు మీసం ఒక్కటీ చూసి ఆగకుండా కళ్లు, హాల్టీర్లు కూడా చూడాలి.

ఇక అసలు విషయం. వేసవి మొదట్లో పూల మీద ఏదో కొత్త ఈగ మెరుస్తూ కనపడగానే మీరంతా నాకు రాసే మొదటి మాట రంగే. "ఆకుపచ్చగా, బంగారు మెరుపుతో ఉంది, పేరేమిటి?" ఈ ప్రశ్న నన్ను నిజంగా బాధపెడుతుంది. అన్నిటికంటే ముందు మోసం చేసేది రంగే కాబట్టి.

ఆ వర్ణనకు సరిపోయేవి నలుగురు వేర్వేరు మనుషుల్లా ఉంటాయి. ఒకటి, కుళ్లిన మాంసం మీదా పూల మీదా వాలే లూసీలియా. బొద్దుగా ఉంటుంది, వీపు మీద గట్టి ముళ్లలాంటి వెంట్రుకలు. రెండోది పొడుగు కాళ్ల ఈగ. కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, ఆకు మీద కాళ్లెత్తి నిలబడి, ఉన్నట్టుండి పక్కకు ఉరుకుతుంది, తనకంటే చిన్న పురుగుల్ని వేటాడుతుంది. మూడోది ఆకుపచ్చ సోల్జర్ ఫ్లై. ఒంటి మీద గట్టి ముళ్లు లేవు, రెక్కలు కత్తెర మూసినట్టు ఒకదాని మీద ఒకటి. నాలుగోది అసలు ఈగే కాదు. కోకిల కాకి గూట్లో గుడ్లు పెట్టినట్టు ఇతర కందిరీగల, తేనెటీగల గూళ్లలో గుడ్లు పెట్టే కుకూ వాస్ప్. చర్మమంతా గుంటలు గుంటలుగా, గట్టి పెంకులా ఉంటుంది. బెదిరిస్తే ఉండలా చుట్టుకుంటుంది. నాలుగూ ఆకుపచ్చే.

ఆ మెరుపు రంగుపూత కాదు. చర్మంలోని అతి పల్చటి పొరల మీద పడి తిరిగొచ్చే వెలుతురు కలగలిస్తే వచ్చేది. కోణం మారితే ఆకుపచ్చ నీలమవుతుంది, రాగి రంగవుతుంది. జోరీగల కళ్ల మీది రంగు చారలు ఈగ చచ్చి ఎండితే మాయమవుతాయి, తడిపితే కొంత తిరిగొస్తాయి. పోనీ, పసుపూ నలుపూ పట్టీలు నమ్మదగ్గవేనా? పూల దగ్గర గాల్లో ఒకేచోట నిలిచి ఎగిరే సిర్ఫిడ్ ఈగల్లో ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అనేదుంది. అది ప్యూపాగా, అంటే పురుగు ఈగగా మారే దశలో, చలిలో పెరిగితే నల్ల పట్టీలు వెడల్పవుతాయి, వెచ్చగా పెరిగితే పసుపు పెరుగుతుంది. జాతి ఒకటే, రంగులు వేరు. వేసవి మొదట్లో చూసిన ఈగ, నెల తర్వాత చూసిన ఈగ ఒకటి కాదని వాదించేవాళ్లకు ఇదే జవాబు.

నేను చేసేది చెబుతాను. ఫొటో తీశాక వెంటనే నలుపు తెలుపులోకి మార్చేస్తాను. అప్పుడు మెరుపు పోయి ముళ్లు, మీసాలు, రెక్క ఈనెలు బయటపడతాయి. పురుగుల పేర్లు చెప్పే యాప్‌కు చూపించడం ఆ తర్వాతే. ఫొటోలు కనీసం మూడు కావాలి: పైనుంచి, పక్కనుంచి, మొహం. పొద్దున్నే, ఇంకా ఎండ ఎక్కని వేళ వెళ్లండి. ఒళ్లు వేడెక్కని ఈగ తొందరగా ఎగరదు.

రెక్క మీద బొమ్మలుంటే మాత్రం అది రంగు కిందికి రాదు. ఆ మచ్చలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో గీసుకోండి. పండు ఈగల బంధువుల్లో జోనోసెమటా అనేదాని రెక్కల మీది పట్టీలు గెంతే సాలీడు కాళ్లలా ఉంటాయి. రెక్కలు ఊపితే ఆ సాలీడే వెనక్కి తగ్గుతుంది. 1987లో వెలువడిన ప్రయోగంలో దాని రెక్కలు తీసి మామూలు ఈగ రెక్కలు అతికించి చూశారు. అవి ఊపినా సాలీడు బెదరలేదు.

పేరు విషయంలో కుటుంబం దగ్గర ఆగిపోండి. సిర్ఫిడ్, సోల్జర్ ఫ్లై, జోరీగ అన్నంతవరకు చాలు. జాతి తేల్చాలంటే చాలాసార్లు ఈగ పొట్ట చివరి భాగాల్ని సూక్ష్మదర్శినిలో చూడాలి. లక్షన్నరకు పైగా పేర్లున్న గుంపులో ఫొటో చూసి జాతి పేరు ధైర్యంగా రాసేవాళ్లను నేను నమ్మను.

అభ్యాసం: ఒకే పూల మొక్క దగ్గర, ఒకే వేళకు, వరసగా ఐదు రోజులు, పదిహేను నిమిషాల చొప్పున కూర్చోండి. మొత్తం పది కీటకాల్ని పెన్సిల్‌తో గీసి, ఒక్కోదాని కింద ఐదు వాక్యాలు రాయండి. ఒక్క రంగు పేరు కూడా రాయకూడదు. "నల్ల" అని రాసినా ఆ బొమ్మ లెక్కలోకి రాదు. సిర్ఫిడ్ దొరికితే రెండు కళ్లూ నడినెత్తిన కలుస్తున్నాయో లేదో రాయండి. కలిస్తే ఎక్కువగా మగది.

వచ్చే పాఠం రెక్క ఈనెల మీద. సిర్ఫిడ్ రెక్క మధ్యలో ఏ ఈనెకూ అతకకుండా పోయే ఒక దొంగ గీత ఉంటుంది. దాన్ని వెతకాలంటే రెక్క బాగా విప్పి ఉన్న ఫొటో ఒకటైనా మీ దగ్గర ఉండాలి. ఈ ఐదు రోజుల్లోనే తీసిపెట్టుకోండి.