గుండుని గాజు మీద దొర్లించండి
ఎయిర్ రైఫిల్ నేర్చుకునే పిల్లలూ, గురి తప్పిందని తుపాకీని తిట్టేముందు గుళ్ల డబ్బా మూత తీసి చూడండి. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ సీసంతో చేసింది, మెత్తన. కావలి నుంచి నెల్లూరుకి బస్సులో సంచి కుదుపులు తింటే చాలు, వెనక పల్చటి అంచు నొక్కుకుపోద్ది. గాజు పలక మీద ఒక్కోటే మెల్లిగా దొర్లించండి. మంచిది సాఫీగా వంపు తిరుగుద్ది, సొట్టది ఎగిరెగిరి పడతా పోద్ది. దాన్ని పారెయ్యక్కర్లేదు, ప్రాక్టీసుకి ఉంచుకోండి, పోటీకి మాత్రం వద్దు. 10 మీటర్ల దూరంలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే మరి! నేనిది తెలుసుకునేసరికి రెండు డబ్బాలు ఖాళీ. అన్నట్టు, ఏరడం అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. ఆ సీసం చేత్తోనే పులిబొంగరాలు తినబాకండి.