మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చాక కుటుంబంతో స్థిరపడటం ఎలా?

బీఎండబ్ల్యూ, సీమెన్స్ వంటి సంస్థల ప్రధాన కార్యాలయాలున్న మ్యూనిక్ నగరానికి ఉద్యోగం మీద వెళ్లే తెలుగు కుటుంబానికి ఆఫీసు పని కంటే ఆఫీసు బయటి పనులే ఎక్కువ శ్రమ కలిగిస్తాయి. జర్మనీలో ఈ పనులన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఉండటానికి చోటు దొరకనిదే చిరునామా నమోదు కాదు, నమోదు కానిదే పన్ను సంఖ్య రాదు, పన్ను సంఖ్య లేకపోతే మొదటి జీతంలోనే ఎక్కువ కోత పడవచ్చు. కాబట్టి ఏ పని ముందు, ఏది తరువాత అన్నది తెలుసుకుని వెళ్లినవారికి మొదటి ఆరు నెలలు చాలావరకు సాఫీగా గడుస్తాయి.

బయలుదేరక ముందే చేయవలసినవి

డిగ్రీ పట్టాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, వివాహ ధ్రువపత్రం అసలు ప్రతులతో సహా చేతి సంచిలోనే పెట్టుకోవాలి. గుడిలోనో కల్యాణ మండపంలోనో పెళ్లి జరిగి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోని దంపతులు ఆ పని ముందుగా పూర్తి చేసుకోవాలి, ఎందుకంటే భార్య లేదా భర్త వీసాకు, ఆరోగ్య బీమాకు, జీతంలో ఎంత పన్ను కోయాలో తేల్చే పన్ను తరగతికి కూడా ఆ కాగితమే ఆధారం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారు వీలైతే దాన్ని సరిచేయించుకోవడం మంచిది. జర్మనీలో బ్యాంకు, బీమా సంస్థ, బడి అన్నీ మనిషిని ఇంటిపేరుతోనే గుర్తిస్తాయి, పైగా పోస్టుమన్ ఉత్తరం వేసేది తపాలా పెట్టె మీద రాసి ఉన్న ఆ పేరును చూసే.

భారతదేశంలోని పొదుపు ఖాతాను ఎన్‌ఆర్‌ఓ (విదేశాల్లో నివసించే భారతీయుల) ఖాతాగా మార్చమని బ్యాంకుకు తెలియజేయాలి. ఆధార్‌కు, బ్యాంకుకు అనుసంధానమైన ఫోన్ నంబరును రద్దు కానివ్వకుండా తక్కువ ఖర్చు ప్లాన్‌లో కొనసాగించాలి. ఆ నంబరు పోతే ఓటీపీలు రావు, ఓటీపీ లేకపోతే సొంత డబ్బును కూడా అక్కడి నుంచి కదిలించలేరు. పొలం, ఫ్లాటు వంటి ఆస్తులున్నవారు నమ్మకమైన బంధువు పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాసి వెళ్లడం మేలు.

సామాను సర్దేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోవాలి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలతో చేసిన పదార్థాలు వెంట తేవడాన్ని ఐరోపా సమాఖ్య సాధారణంగా అనుమతించదు. అంటే అమ్మ కాచి ఇచ్చిన నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి విమానాశ్రయంలోనే తీసుకునే అవకాశం ఉంది. పచ్చి కరివేపాకుకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, కొబ్బరికాయకు మాత్రం అవసరం లేదు. ఆవకాయ, కారప్పొడి, కందిపొడి నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. బియ్యం, కందిపప్పు మోయనక్కరలేదు, అవి మ్యూనిక్‌లోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. వంకాయలు, బెండకాయలు, కొత్తిమీర, పుదీనా కోసం టర్కీవారి దుకాణాలకు వెళ్లడం అలవాటు చేసుకోండి.

తాత్కాలిక నివాసం, చిరునామా నమోదు

సొంతంగా అద్దె ఇల్లు చూసుకునే వరకు కొన్ని నెలలు సామానుతో కూడిన తాత్కాలిక ఫ్లాటులో ఉండక తప్పదు. దాన్ని బుక్ చేసేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అన్నది కాదు, ఆ చిరునామాలో నమోదు చేసుకోనిస్తారా అన్నది. కొందరు యజమానులు ఒప్పుకోరు, అలాంటి ఫ్లాటు ఎంత చవకైనా మీకు పనికిరాదు.

ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా నగర పాలక సంస్థ కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలని చట్టం చెబుతుంది. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. దీనికి అపాయింట్‌మెంట్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. రెండు వారాల్లో దొరకకపోతే దొరికిన మొదటి తేదీని బుక్ చేసుకుని, దాని రుజువు దాచుకోండి. పాస్‌పోర్టులు, వీసా, నింపిన ఫారం, మీరు ఆ ఇంట్లో చేరినట్టు యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం వెంట ఉండాలి. అద్దె ఒప్పందం ఈ ధ్రువీకరణకు ప్రత్యామ్నాయం కాదు.

ఆ ఫారంలో మతం గురించిన గడి ఒకటి ఉంటుంది. కేథలిక్ అనో, ఇవాంజెలికల్ (ప్రొటెస్టంట్) అనో రాసినవారు అక్కడి చర్చి సభ్యులుగా లెక్కకు వస్తారు, అప్పుడు మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ఆదాయపు పన్ను మీద మరో 8 శాతం చర్చి పన్నుగా జీతంలోంచే పోతుంది. గుంటూరులో లూథరన్ సంఘానికి పునాది వేసిన ఫాదర్ హెయర్ జర్మనీలోని హెల్మ్‌ష్టెట్‌లో పుట్టి 1842లో గుంటూరు చేరినవారే కాబట్టి, ఆ సంఘానికి చెందిన తెలుగువారికి అక్కడి చర్చి పరాయిది అనిపించకపోవచ్చు. సభ్యులుగా చేరడం వారి ఇష్టం, కాని ఆ గడిలో రాసే మాటకు డబ్బు లెక్క ఉందని తెలిసి రాయాలి.

నమోదు అయ్యాక కొన్ని వారాల్లో 11 అంకెల పన్ను సంఖ్య తపాలాలో ఇంటికి వస్తుంది. తాత్కాలిక ఫ్లాటులో తపాలా పెట్టె మీద మీ పేరు లేకపోతే ఆ ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి చేరిన రోజునే కుటుంబంలోని అందరి ఇంటిపేర్లు స్పష్టంగా రాసి పెట్టె మీద అంటించండి. పన్ను సంఖ్య కంపెనీకి అందకపోతే అత్యధిక కోత ఉండే ఆరో తరగతి కింద పన్ను పట్టుకునే వీలుంది. ఎక్కువగా పోయిన డబ్బు తరువాత తిరిగి వస్తుంది గాని, కొత్త ఊళ్లో ఖర్చులు ముంచెత్తే నెలల్లో అది చేతిలో ఉండదు.

ఇదే చిరునామాకు రేడియో, టీవీ రుసుము కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలి. మోసమేమో అనుకుని పక్కన పడేస్తే బకాయి పెరుగుతుంది. మొత్తం మీద జర్మనీలో కాగితం మీద వచ్చిన ఏ ఉత్తరాన్నీ తెరవకుండా వదలకూడదు. భాష రాకపోతే ఫోన్‌లో ఫొటో తీసి అనువాదం చూసుకోండి, గడువు తేదీ ఎక్కడ ఉందో ముందు వెతకండి.

ఆరోగ్య బీమా ఎంపిక

ఉద్యోగంలో చేరగానే ప్రభుత్వ విధానంలోని బీమా కావాలా, ప్రైవేటు బీమా కావాలా అన్న ప్రశ్న వస్తుంది. నిర్ణీత పరిమితికి మించిన జీతం ఉన్నవారికే రెండోదాన్ని ఎంచుకునే అవకాశం ఉంటుంది. వయసులో ఉన్న ఒంటరి ఉద్యోగికి ప్రైవేటు బీమా చవకగా కనిపిస్తుంది, ఏజెంట్లు కూడా అదే చెబుతారు. కుటుంబం ఉన్నవారు, పెళ్లి చేసుకోబోయేవారు ప్రభుత్వ విధానంలోని బీమానే తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. అందులో సొంత ఆదాయం లేని జీవిత భాగస్వామికి, పిల్లలకు అదనపు చందా లేకుండానే రక్షణ లభిస్తుంది. ప్రైవేటులో మనిషికో చందా కట్టాలి, వయసు పెరిగే కొద్దీ అది పెరుగుతుంది, మళ్లీ ప్రభుత్వ విధానానికి మారడం కష్టం.

జబ్బు చేయక ముందే ఇంటి దగ్గర ఒక కుటుంబ వైద్యుణ్ని చూసి పెట్టుకోండి. ప్రాణాపాయమైతే 112కు, రాత్రివేళల్లో లేదా సెలవు రోజుల్లో వచ్చిన సాధారణ అనారోగ్యానికి 116117కు ఫోన్ చేయాలి. దీనితో పాటు పొరపాటున ఇతరులకు కలిగించిన నష్టాన్ని భరించే హాఫ్ట్‌ప్‌ఫ్లిష్ట్ అనే బాధ్యతా బీమా తప్పక తీసుకోండి. పిల్లవాడి సైకిలు ఎవరి కారునైనా గీకినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

అద్దె ఇల్లు వెతకడం, అందులో ఉండటం

అద్దెల్లో జర్మనీలోకెల్లా ఖరీదైన నగరం మ్యూనిక్. ఒక్కో ప్రకటనకు వందల దరఖాస్తులు వస్తాయి. అందుకే ఉద్యోగ ఒప్పందం, అందుబాటులో ఉన్న జీతం రసీదులు, పాస్‌పోర్టు ప్రతి, అప్పుల చరిత్రను తెలిపే షూఫా పత్రం, కుటుంబం గురించి జర్మన్‌లో రాసిన చిన్న పరిచయం ఒకే ఫైలుగా సిద్ధం చేసుకుని, ప్రకటన కనబడిన గంటలోనే పంపగలిగేలా ఉండాలి. యజమాని విదేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో వస్తాయి అన్న మాట ఎక్కడ వినబడినా అది మోసమే. ఇల్లు కంటితో చూడకుండా, ఒప్పందం చదవకుండా ఒక్క యూరో కూడా పంపవద్దు.

ప్రకటనలో రెండు అద్దెలు ఉంటాయి. కాల్ట్‌మీటె అంటే ఇంటి అద్దె మాత్రమే, వార్మ్‌మీటెలో వేడి, నీరు, నిర్వహణ ఖర్చులు సాధారణంగా కలిసి ఉంటాయి, కరెంటు, ఇంటర్నెట్ వేరు. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా చట్టం ఇచ్చింది. చాలా ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలు, నీటి గొట్టం మాత్రమే. పొయ్యి, సింకు, అలమరాలు మీరే కొనాలి, లేదా ఖాళీ చేసేవారి దగ్గర తీసుకోవాలి. తాళాలు తీసుకునే రోజున గోడల మీది ప్రతి గీతను ఫొటో తీసి, అప్పగింత పత్రంలో రాయించండి, ఎందుకంటే ఖాళీ చేసే రోజున అడ్వాన్సు లెక్క దానితోనే తేలుతుంది.

తెలుగువారి వంటకు ఆ ఇళ్లలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఇడ్లీ ఆవిరి, కుక్కర్ ఆవిరి, తడి బట్టలు ఆరేసిన తేమ బయటికి పోయే దారి లేక చలికాలంలో కిటికీల అంచులకు, మూలలకు చేరి నల్లటి బూజు పడుతుంది, దాని ఖర్చు అద్దెదారు మీద పడవచ్చు. వంట అయ్యాక ఒకసారి, ఉదయం, సాయంత్రం మరోసారి కిటికీలు పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి. కొద్దిగా తెరిచి రోజంతా వదిలేస్తే గోడలు చల్లబడి బూజు ఇంకా పెరుగుతుంది.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. మిక్సీలో పచ్చడి రుబ్బే పని శనివారం సాయంత్రమే ముగించుకోండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిదికి మూతపడతాయి.

నివాస అనుమతి, మొదటి ఆరు నెలల జాగ్రత్తలు

ప్రవేశ వీసా గడువు ముగియక ముందే బ్లూ కార్డుకో (ఉన్నత విద్యార్హతలున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి), మీకు వర్తించే మరో నివాస అనుమతికో దరఖాస్తు చేయాలి. గడువులోగా దరఖాస్తు చేస్తే, నిర్ణయం వచ్చే వరకు మీ నివాసం చట్టబద్ధంగానే కొనసాగుతుంది. దరఖాస్తు అందిన రుజువును ముద్రించి దగ్గర ఉంచుకోండి, అది లేకుండా భారతదేశ ప్రయాణం పెట్టుకోవద్దు, ఉన్నా ఆ పత్రంతో తిరిగి రావచ్చో లేదో అడిగి తెలుసుకున్నాకే టికెట్ కొనండి.

ఉద్యోగ ఒప్పందాల్లో సాధారణంగా ఆరు నెలల పరిశీలన కాలం ఉంటుంది, ఆ కాలంలో ఇరుపక్షాలూ రెండు వారాల నోటీసుతో విడిపోవచ్చు. ఆ ఆరు నెలలూ కారు అప్పు వంటి దీర్ఘకాలపు కట్టుబాట్లు పెట్టుకోకపోవడం క్షేమం. భారతీయ డ్రైవింగ్ లైసెన్సు కూడా ఆరు నెలలే చెల్లుతుంది, తరువాత జర్మనీలో రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ పాసవ్వాలి. నగరంలో తిరగడానికి కారు అక్కరలేదు. నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్‌తో మెట్రో, ట్రాము, బస్సుతో పాటు దేశమంతటా ప్రాంతీయ రైళ్లలో కూడా ప్రయాణించవచ్చు. టికెట్ లేకుండా పట్టుబడితే జరిమానా 60 యూరోలు.

జీవిత భాగస్వామి, పిల్లలు, భాష

ఉద్యోగికి ఆఫీసులో పది మంది పరిచయమవుతారు, ఇంగ్లిషుతో రోజు గడుస్తుంది. వెంట వచ్చిన భార్య లేదా భర్త మాత్రం, భారతదేశంలో నడుస్తున్న ఉద్యోగం వదులుకుని వచ్చినవారైతే మరీ, చీకటి త్వరగా పడే చలికాలంలో నాలుగు గోడల మధ్య మిగిలిపోతారు. అక్కడ కుదురుకోలేక తిరిగి వచ్చే కుటుంబాల్లో ఈ ఒంటరితనాన్ని గమనించడంలో జరిగిన ఆలస్యం తరచుగా కనిపిస్తుంది. అందుకే సామాను సర్దుకునే పని ముగియకపోయినా మొదటి నెలలోనే నగర వయోజన విద్యా కేంద్రమైన ఫోల్క్స్‌హోఖ్‌షూలెలో ఆమెను లేదా ఆయనను జర్మన్ తరగతిలో చేర్పించండి. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి ఉద్యోగం చేసే హక్కు మొదటి నుంచీ ఉంటుంది, కాని భాష వస్తేనే ఆ హక్కు ఉపయోగపడుతుంది. మీరూ ఆగకండి, బీ1 (మధ్యస్థ) స్థాయి భాషతో బ్లూ కార్డుదారుకు 21 నెలలకే శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది, ఏ1 (ప్రాథమిక) స్థాయితో అయితే 27 నెలలు పడుతుంది.

బడి ఈడుకు రాని పిల్లల కోసం చిరునామా నమోదైన వారంలోనే శిశు సంరక్షణ కేంద్రాల్లో సీటు కోసం నగరం నడిపే కిటా ఫైండర్ వెబ్‌సైటులో పేరు నమోదు చేయండి. సీటు రావడానికి నెలలు పట్టవచ్చు. బడి ఈడు పిల్లల విషయంలో బవేరియా నియమం ముందే తెలిసి ఉండాలి. నాలుగో తరగతి తరువాత పిల్లలు వేర్వేరు రకాల బడులకు వెళ్తారు, విశ్వవిద్యాలయానికి నేరుగా దారితీసే గిమ్నాజియంలో చేరాలంటే జర్మన్, గణితం, పరిసరాల విజ్ఞానంలో సగటు గ్రేడు సాధారణంగా 2.33 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలి (అక్కడ 1 అత్యుత్తమ గ్రేడు, సంఖ్య తగ్గే కొద్దీ మెరుగు). రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో వచ్చిన పిల్లవాడికి జర్మన్ నేర్చుకోవడానికి మిగిలే సమయం చాలా తక్కువ. కాబట్టి వచ్చిన మొదటి వారంలోనే తరగతి ఉపాధ్యాయులను కలిసి, బడిలో జర్మన్ సహాయక తరగతులు ఉన్నాయేమో అడగండి, గిమ్నాజియం దొరకకపోయినా రియల్‌షూలె అనే మరో రకం బడి మీదుగా తరువాత అటు మారే దారి ఎలా ఉంటుందో కూడా ఆ సమావేశంలోనే తెలుసుకోండి.