లీజ్-పర్చేజ్ ట్రక్కుకి సంతకం పెట్టే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

అమెరికాలో కంపెనీ ట్రక్కు వదిలి, వాయిదాలు కడుతూ చివరికి ట్రక్కుని సొంతం చేసుకునే లీజ్-పర్చేజ్‌లోకి దిగుదామనుకునేవాళ్ల కోసం.

మధ్యలో మానేస్తే ఏం పోతుందో ముందు చదవండి. చాలా ఒప్పందాల్లో లోడ్లు ఇచ్చే కంపెనీని వదిలితే ట్రక్కూ పోతుంది, అప్పటిదాకా కట్టిన వాయిదాలూ పోతాయి. ట్రక్కుతో సహా వేరే కంపెనీకి మారే హక్కు కాగితం మీద ఉండాలి. రిక్రూటర్ నోటిమాటని దయచేసి నమ్ముకోవద్దు.

మంచి వారంతో కాదు, చెడ్డ వారంతో లెక్క కట్టండి. ట్రక్కు షెడ్డులో ఉన్నా వాయిదా, ఇన్సూరెన్స్ ఆగవు. గ్యాలన్‌కి 6.5 మైళ్లిచ్చే బండి వారంలో 2,500 మైళ్లు తిరిగితే దాదాపు 385 గ్యాలన్లు తాగుతుంది. గ్యాలన్ 4 డాలర్లైతే 1,540 డాలర్లు డీజిల్‌కే. ఖాళీగా నడిపిన మైళ్లకు కిరాయి రాకపోయినా డీజిల్ కాలుతూనే ఉంటుంది.

రిపేర్ల కోసమని మీ డబ్బులోంచి పట్టుకునే మెయింటెనెన్స్ కోత ఎవరి సొమ్మో అడగండి. మైలుకి 10 సెంట్లంటే ఆ వారమే 250 డాలర్లు. మిగిలింది మీకు తిరిగొస్తుందని ఒప్పందంలో ఉండాలి. ఎస్క్రో డబ్బైతే, అంటే మీ తరఫున కంపెనీ దగ్గర డిపాజిట్‌గా ఉంచిన సొమ్మైతే, ఒప్పందం ముగిసిన 45 రోజుల్లోపు లెక్క తేల్చి ఇవ్వాలని ఫెడరల్ నిబంధన.

పన్ను డబ్బు వేరే ఖాతాలో వేయండి. 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టరుగా పనిచేస్తే, మీకొచ్చే డబ్బులోంచి పన్ను ఎవరూ పట్టుకోరు. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ పన్నే 15.3 శాతం, ఆదాయపు పన్ను దానిపైన. ఈ పన్ను వాయిదాల గడువులు మామూలుగా ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల్లో 15వ తేదీ.

ట్రక్కు మీ పేరున రిజిస్టర్ అయిందా? 75,000 పౌండ్లు దాటే బండికి 2290 ఫారం (బరువు బండ్ల మీద ఫెడరల్ పన్ను) వేయాలి, ఏడాదికి 550 డాలర్లు. జులై నుంచి నడుస్తుంటే ఆగస్టు 31 లోపు.